రథంలో ఎవరైనా ఉన్నారా? ఆత్మ, అనాత్మ, ఆ పైన మిగిలేది

సగంచదువు | శనివారం, రాత్రి 10:12

రెండు రథాల మధ్య ఇరుక్కుపోయాను. తెలిసినవారు దారి చూపించాలి.

మొదటిది కఠోపనిషత్తులోది. యముడు నచికేతుడికి చెబుతాడు: శరీరం రథం, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, ఆత్మ అందులో కూర్చున్న యజమాని. రెండోది మిలిందపన్హ అనే పాళీ బౌద్ధగ్రంథంలోది. యవన రాజు మిలిందుడు నాగసేన భిక్షువును పేరడుగుతాడు. "నాగసేనుడని పిలుస్తారు, కానీ ఆ పేరు వెనక వ్యక్తి ఎవరూ దొరకడు" అంటాడు ఆయన. రాజు ఒప్పుకోడు. అప్పుడు భిక్షువు రాజు ఎక్కి వచ్చిన రథాన్నే ముందుకు తెస్తాడు. నొగ రథమా? కాదు. ఇరుసా? కాదు. చక్రాలా? కాదు. అన్నీ కలిపితేనా? కాదు. ఇవి కాక వేరే ఏదైనా ఉందా? లేదు. మరి రథం ఏదీ?

ఒకే బండి. ఒకరు లోపలి యజమానిని చూపించారు, ఇంకొకరు బండినే మాయం చేశారు. నాకు అర్థమైనంతవరకు హిందూ మతం ఆత్మ ఉందంటుంది, అదే బ్రహ్మమంటుంది. బుద్ధుడు ఆత్మ లేదన్నాడు, చివరికి మిగిలేది శూన్యమన్నాడు. ఇంత ఎదురెదురుగా నిలబడినవారు ఇద్దరూ "నేను, నాది" అనేదే పోవాలని ఎందుకు చెబుతున్నారు?

ఒడ్డున కూర్చున్నవాడు | శనివారం, రాత్రి 10:40

ఇందులో చిక్కేముంది? ఒకరు నిండు కుండ అన్నారు, ఇంకొకరు ఖాళీ కుండ అన్నారు. కుండ ఒకటే. మాటల దగ్గర ఆగిపోయేవాళ్ళకే తగాదా.

తర్కప్రియ | శనివారం, రాత్రి 10:51

దాహం వేసినవాడిని అడగండి, ఆ రెండు కుండలూ ఒకటేనేమో.

శతాబ్దాల తరబడి ఈ దేశంలో గొప్ప బుద్ధిశాలులు ఒకరి వాదాన్ని ఒకరు అక్షరం అక్షరం విప్పి ఖండించుకున్నారు. న్యాయదర్శన పండితుడు ఉదయనాచార్యుడి ఆత్మతత్త్వవివేకానికి బౌద్ధధిక్కారం అన్న పేరు కూడా ఉంది. అటువైపు బౌద్ధుడు శాంతరక్షితుడు 8వ శతాబ్దంలో తత్త్వసంగ్రహం రాస్తూ నైయాయికుల (న్యాయదర్శనం వాళ్ళ) ఆత్మ, మీమాంసకుల ఆత్మ, సాంఖ్యుల ఆత్మ, జైనుల ఆత్మ, ఉపనిషద్వాదుల ఆత్మ అంటూ ఒక్కొక్కదాన్ని విడివిడిగా బోనెక్కించాడు. వీళ్ళందరికీ తెలియని రహస్యం మీకు ఒడ్డున కూర్చునే తెలిసిపోయిందంటే అభినందనలు.

నిర్వాహకులు | శనివారం, రాత్రి 11:05

వాదాన్ని విమర్శించండి, వాదించేవారిని వదిలేయండి. శ్లోకం ఉటంకిస్తే ఎక్కడిదో కూడా చెప్పండి.

మౌనపాఠి | ఆదివారం, ఉదయం 6:20

సగంచదువు గారూ, "బుద్ధుడు ఆత్మ లేదన్నాడు" అన్న మీ వాక్యం దగ్గర ఒక్కసారి ఆగండి.

బుద్ధుడి ఉపదేశాల సంకలనం సంయుత్త నికాయంలో వచ్చగోత్తుడనే పరివ్రాజకుడు సూటిగా అడుగుతాడు: "ఆత్మ ఉందా?" బుద్ధుడు మాట్లాడడు. "అయితే లేదా?" మళ్ళీ మౌనం. అతను లేచి వెళ్ళిపోతాడు. ఆనందుడు కారణం అడిగితే ఇలా చెబుతాడు: ఉందంటే శాశ్వతవాదుల పక్షం చేరినట్టు. లేదంటే ఉచ్ఛేదవాదుల, అంటే చావుతో అంతా అయిపోతుందనేవారి, పక్షం చేరినట్టు. పైగా అసలే తికమకలో ఉన్న ఆ మనిషి "ఇంతకుముందు నాకు ఆత్మ ఉండేది, ఇప్పుడు లేకుండా పోయింది" అని మరింత తికమక పడతాడు.

ఈ చివరి మాట నాకు చాలా ఇష్టం. మనలో చాలామంది అనాత్మను అర్థం చేసుకునేది సరిగ్గా వచ్చగోత్తుడు చేసుకోబోయినట్టే: జేబులో ఉన్న వస్తువు ఎవరో కాజేసినట్టు.

బుద్ధుడు ఎక్కువగా చేసిన పని వేరు. రూపం (శరీరం), వేదన (అనుభూతి), సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారాలు (మనసు పోకడలు), విజ్ఞానం (ఎరుక) అనే ఐదు స్కంధాలను, అంటే మనిషి అనుకునేదాని భాగాలను, ఒక్కొక్కటిగా చూపించి "ఇది నాది కాదు, ఇది నేను కాదు, ఇది నా ఆత్మ కాదు" అని చూడమన్నాడు.

తర్కప్రియ | ఆదివారం, ఉదయం 8:02

మౌనపాఠి గారూ, ఇది తప్పించుకునే దారి. గదిలో ఉన్న ప్రతి వస్తువునూ చూపించి "ఇది పిల్లి కాదు" అని ముగించాక, గదిలో పిల్లి లేదని విడిగా చెప్పాలా?

మౌనపాఠి | ఆదివారం, ఉదయం 8:30

న్యాయమైన దెబ్బే. దాచను. థేరవాద, అభిధర్మ అనే బౌద్ధ సంప్రదాయాలు ఆ ముగింపుకే వచ్చాయి, మొహమాటం లేకుండా చెప్పాయి. ధమ్మపదంలో 277 నుంచి 279 వరకు మూడు గాథలున్నాయి. మొదటి రెండూ సంస్కారాలన్నీ (ఇక్కడ కారణాలు కూడి ఏర్పడినవన్నీ అని) అనిత్యం, సంస్కారాలన్నీ దుఃఖం అంటాయి. మూడోదానికి వచ్చేసరికి మాట మారుతుంది: "సబ్బే ధమ్మా అనత్తా". సంస్కారాలు అనలేదు, ధర్మాలన్నీ, అంటే ఉన్నవన్నీ, ఆత్మ కాదంది. ధర్మాలంటే నిర్వాణం కూడా వచ్చేసిందని వ్యాఖ్యాతలు గుర్తుచేస్తారు. అంటే నిర్వాణం అనిత్యం కాదు, దుఃఖం కాదు, కానీ అదీ ఆత్మ కాదు. వేదాంతానికీ మాకూ గీత పడేది ఈ ఒక్క మాట మార్పులోనే.

నేనన్నది మాత్రం ఇది: ఆ ముగింపు చేతిలో పెట్టుకుని మొదలుపెడితే అది మరో అభిప్రాయంగా మిగిలిపోతుంది. ఒక్కొక్క వస్తువునూ చూసి రమ్మనడం వేరు, పిల్లి లేదని చెప్పి పంపేయడం వేరు.

వేదాంత విద్యార్థి | ఆదివారం, ఉదయం 9:15

చర్చ ఆసక్తికరంగా ఉంది. నాకు కనిపించే ఇబ్బంది ఏమిటంటే, ఖండించినది ఏ ఆత్మ?

అనత్తలక్ఖణ సుత్తం ఇసిపతనంలో ఐదుగురు భిక్షువులకు చెప్పిన రెండో ఉపదేశం. అందులోని మొదటి వాదం ఇది: "రూపం ఆత్మ అయితే అది బాధకు లోనయ్యేది కాదు. నా రూపం ఇలా ఉండాలి, ఇలా ఉండకూడదు అని శాసించగలిగేవాళ్ళం." మిగిలిన నాలుగు స్కంధాలకూ ఇదే వరస. అంటే ఇక్కడ ఆత్మ అంటే శాసించేవాడు, పెత్తనం చేసేవాడు.

శంకరుల ఆత్మ పెత్తందారు కాదు. అకర్త, అభోక్త, కేవలం సాక్షి. శరీరం మాట వినకపోవడం సాక్షి లేదనడానికి రుజువు ఎలా అవుతుంది? దీపం వెలుగులో దొంగతనం జరిగితే దీపం ఆపలేదు కాబట్టి దీపమే లేదంటామా?

ఇంకో మాట. సగంచదువు గారు కఠంలో గుర్రాల దగ్గర, 1.3.4 సగంలో ఆపేశారు. ఆ మంత్రం రెండో సగం చూడండి: "ఆత్మేంద్రియమనోయుక్తం భోక్తేత్యాహుర్మనీషిణః". ఇంద్రియాలతో, మనస్సుతో కూడిన ఆత్మనే భోక్త అంటారు. సుఖదుఃఖాలు నావి అనుకునే ఈ రోజువారీ "నేను" అతుకుల బొంత అని ఉపనిషత్తే ఒప్పుకుంటోంది. నాగసేనుడు విప్పిన రథం అదే అయితే మాకు అభ్యంతరం లేదు, విప్పనివ్వండి.

సగంచదువు | ఆదివారం, ఉదయం 9:50

ఆ రెండో సగం చదివాను, దాటేశాను. పేరు ఊరికే పెట్టుకోలేదు.

మౌనపాఠి | ఆదివారం, ఉదయం 11:10

దీపం ఉపమానం బాగుంది. కానీ సుత్తం ఆ ఒక్క వాదంతో ఆగదు. రూపం నిత్యమా, అనిత్యమా? అనిత్యం. అనిత్యమైనది సుఖమా, దుఃఖమా? దుఃఖం. మారిపోయే స్వభావమున్న దుఃఖాన్ని పట్టుకుని "ఇది నేను" అనడం తగునా? విజ్ఞానం దాకా ఇదే ప్రశ్న వస్తుంది. సాక్షి అని మీరనేది విజ్ఞానానికి పెట్టిన ముద్దుపేరు కాదని ఎలా చెబుతారు?

మజ్ఝిమ నికాయం 38వ సుత్తంలో సాతి అనే భిక్షువు, జాలరి కొడుకు, ఈ మాటే అంటాడు: ఈ విజ్ఞానమే మారకుండా జన్మ నుంచి జన్మకు సాగిపోతుందని. బుద్ధుడు గట్టిగా మందలించిన సందర్భాలలో ఇదొకటి. కన్నూ రూపమూ కలిస్తే పుట్టేది చక్షు విజ్ఞానం, చెవీ శబ్దమూ కలిస్తే శ్రోత్ర విజ్ఞానం. కట్టెలతో మండితే కట్టెల మంట, గడ్డితో మండితే గడ్డి మంట, పిడకలతో మండితే పిడకల మంట. దేనితోనూ మండని మంటను ఎవరు చూశారు?

వేదాంత విద్యార్థి | ఆదివారం, మధ్యాహ్నం 12:25

సాతిని మేమూ మందలిస్తాం. పుట్టి గిట్టే ఆ జ్ఞానాలను మేము వృత్తులంటాం, అవి అంతఃకరణానివి, అంటే మనసువి. వృత్తులు వస్తున్నాయి, పోతున్నాయి అని తెలుస్తోంది కదా, ఆ తెలియడం వృత్తి కాదు.

దాన్ని ఎవరు చూశారంటారా? ఎవరూ చూడరు. "న దృష్టేర్ద్రష్టారం పశ్యేః" అని బృహదారణ్యకం 3.4.2. చూపును చూసేవాడిని నువ్వు చూడలేవు. యాజ్ఞవల్క్యుడు మైత్రేయిని అడిగిందీ ఇదే: "విజ్ఞాతారమరే కేన విజానీయాత్", తెలుసుకునేవాడిని దేనితో తెలుసుకుంటావు? నేతి నేతి, ఇది కాదు ఇది కాదు, అని అన్నింటినీ తోసేయవచ్చు. తోసేసేవాడిని తోసేయడానికి చేయి మిగలదు.

మౌనపాఠి | ఆదివారం, మధ్యాహ్నం 12:40

ఏదీ చేయదు, దేన్నీ శాసించదు, ఎవరికీ కనిపించదు. దాన్ని "నేను" అని ఎందుకు పిలవాలి? నేను అడిగేది అదొక్కటే.

శేషభావం | ఆదివారం, మధ్యాహ్నం 1:30

ఇంతసేపూ ఓపిక పట్టాను. హిందూ మతం అంటే అద్వైతమే అని మీరంతా ఎప్పుడు తీర్మానించేసుకున్నారు?

మౌనపాఠి గారి చివరి ప్రశ్న మా రామానుజులదే, అటువైపు నుంచి వచ్చినదంతే. శ్రీభాష్యంలో ఆయన అంటారు: మోక్షమంటే "నేను" అనే అర్థం నశించడమేనని తెలిస్తే, ఆ మనిషి మోక్షకథ వాసన తగలగానే లేచి పోతాడు. "అపసర్పేదసౌ మోక్షకథాప్రస్తావగంధతః". వాసన తగలగానే అట! ఇంత నవ్వుతూ తిప్పికొట్టిన వాక్యం భాష్యాలలో అరుదు.

మాకు ఆత్మ ఉత్త తెలివి కాదు, తెలుసుకునేవాడు. "నేను" అనేది పొరపాటు కాదు, ఆత్మ స్వరూపమే. పొరపాటు ఎక్కడంటే ఆ నేను స్వతంత్రుణ్ణి అనుకోవడంలో. జీవుడు బ్రహ్మానికి శరీరం, ఆయనకు శేషుడు, ఆయన వస్తువు. ముక్తిలోనూ కరిగిపోడు, అనుభవిస్తాడు. ఇక మధ్వాచార్యుల దగ్గరికి వెళితే జీవుడికీ దేవుడికీ, జీవుడికీ జీవుడికీ, జీవుడికీ జడానికీ భేదం ఎప్పటికీ ఉంటుంది. మొత్తం ఐదు భేదాలు. సాంఖ్యులకైతే పురుషులు, అంటే ఆత్మలు, అనేకులు, వాళ్ళను కలిపే బ్రహ్మమే లేదు. వీళ్ళందరినీ ఒక గంపలో వేసి "ఆత్మ అంటే బ్రహ్మం" అని రాసిపెడితే ఎలా?

తర్కప్రియ | ఆదివారం, మధ్యాహ్నం 1:55

అమ్మా, నైయాయికులను మరిచిపోయారు. మా ఆత్మకు జ్ఞానం కూడా స్వరూపం కాదు, వచ్చిపోయే గుణం. ముక్తిలో సుఖం లేదు, దుఃఖం లేదు, తెలివీ లేదు. రాయిలా పడి ఉండే మోక్షం అని వేళాకోళం చేసినవారున్నారు. పర్వాలేదు, అలవాటైపోయింది.

కానీ ఆత్మను నిరూపించే వాదం మాత్రం మా దగ్గరే ఉంది. న్యాయసూత్రం 3.1.1: కంటితో చూసినదాన్నే చేత్తో తాకుతున్నాను అని మనకు తెలుస్తుంది. కన్ను తాకదు, చేయి చూడదు. రెండింటినీ కలిపినవాడు ఒకడుండాలి. బ్రహ్మసూత్రం 2.2.25 "అనుస్మృతేశ్చ" కూడా ఈ బాటే పట్టింది: నిన్న చూసినవాడినే నేడు గుర్తు చేసుకుంటున్నాను. క్షణక్షణం కొత్తగా పుట్టే చిత్తమైతే నిన్నటివాడి జ్ఞాపకం నేటివాడికి ఎలా వచ్చింది? పక్కింటివాడి జ్ఞాపకం నాకు రాదు కదా.

మౌనపాఠి | ఆదివారం, సాయంత్రం 4:10

బౌద్ధాచార్యుడు వసుబంధువు అభిధర్మకోశం 9వ అధ్యాయంలో దీనికి జవాబు చెప్పాడు: పక్కింటివాడి చిత్తసంతానం, అంటే మనసు క్షణాల వరస, వేరు, కార్యకారణ సంబంధం లేదు. నిన్నటి చిత్తం నేటి చిత్తానికి కారణం, విత్తనం చెట్టుకు అయినట్టు. కొనసాగడానికి ఒకే వస్తువు అక్కరలేదు, తెగని వరస చాలు. మిలిందుడికి నాగసేనుడు చెప్పినదీ ఇదే. రాత్రంతా వెలిగిన దీపంలో మొదటి జాము జ్వాలా చివరి జాము జ్వాలా ఒకటేనా? కాదు. వేరు దీపమా? అదీ కాదు.

కర్మఫలం మాట ఎవరైనా అడుగుతారని ముందే చెబుతున్నాను. ఒకడు మామిడిపండ్లు దొంగిలించి పట్టుబడ్డాడు. "ఆయన నాటినవి ఈ పండ్లు కావు, నేను కోసినవి వేరు పండ్లు" అన్నాడు. రాజు వదిలేస్తాడా అని నాగసేనుడి ప్రశ్న. మిలిందుడు వదలనన్నాడు.

బౌద్ధులలోనే ఈ జవాబుతో తృప్తి పడనివారున్నారని కూడా ఒప్పుకోవాలి. వాత్సీపుత్రీయులు, సమ్మతీయులు అనే బౌద్ధ శాఖలవారు పుద్గలుడున్నాడన్నారు, అంటే ఒక వ్యక్తి ఉన్నాడని. స్కంధాలతో ఒకటీ కాదు, వేరూ కాదు, మంటా కట్టెల్లాగా. వసుబంధువు ఆ అధ్యాయంలో ఎక్కువగా పోట్లాడింది వాళ్ళతోనే. ఇంటి తగాదా ముందు, వీధి తగాదా తర్వాత.

కొత్తనీరు | ఆదివారం, సాయంత్రం 5:00

నమస్కారం, కొత్తగా చేరాను. ధమ్మపదంలోనే "అత్తా హి అత్తనో నాథో" అని ఉంది కదా? ఆత్మే ఆత్మకు ప్రభువు. మరి బుద్ధుడు ఆత్మను ఒప్పుకున్నట్టే కదా?

వేదాంత విద్యార్థి | ఆదివారం, సాయంత్రం 5:20

ఒప్పుకున్నాడంటే నాకు సంతోషమే, కానీ ఆ 160వ గాథ మీద ఆధారపడలేం. సంస్కృతంలో ఆత్మన్, పాళీలో అత్తా చాలాచోట్ల మన "తాను" అనే మాట చేసే పనే చేస్తాయి. తనకు తానే దిక్కు అని దాని అర్థం. గీత 6.5లో "ఉద్ధరేదాత్మనాత్మానం" కూడా అంతే, తనను తానే పైకి తెచ్చుకోవాలి. తెలుగులో "తాను" అన్నామని తనలో తాను అనే పదార్థం ఒకటి ఉందని ఎవరూ సిద్ధాంతం చేయరు. సంస్కృతంలో మాత్రం చేశారు. (ఈ ఆఖరి మాట మా గురువుగారు వినకపోవడం మంచిది.)

సగంచదువు | ఆదివారం, రాత్రి 8:30

సరే, "నేను" సంగతి కొంత తెలిసింది. అసలు చివరి సత్యం మాటేమిటి? బ్రహ్మం సచ్చిదానందం. శూన్యం అంటే సున్న. ఈ రెండింటినీ పోల్చేదెలా?

మౌనపాఠి | ఆదివారం, రాత్రి 9:15

ముందు "సున్న"ను వదిలించుకోవాలి. తెలుగులో శూన్యం అనగానే ఏమీ లేకపోవడం గుర్తొస్తుంది, శూన్యవాదం చెప్పిన బౌద్ధాచార్యుడు నాగార్జునుడికి జరిగిన అన్యాయాలలో సగం ఈ మాటవల్లే. ఖాళీ అంటే దేనితో ఖాళీ అని అడగాలి. కుండ నీళ్ళతో ఖాళీ కావచ్చు. వస్తువులన్నీ స్వభావంతో ఖాళీ అంటాడు ఆయన. అంటే దేనికీ తనంతట తాను నిలబడే సొంత ఉనికి లేదు. ఆయన గ్రంథం మూలమధ్యమకకారిక 24.18: ప్రతీత్యసముత్పాదం ఏదో దాన్నే శూన్యత అంటున్నాం. వేరేవాటిని ఆసరా చేసుకుని పుట్టడానికే అది మరో పేరు. సొంత స్వభావం ఉన్న వస్తువు మారలేదు, పుట్టలేదు, పోలేదు. 24.14లో తిరగేసి చెప్పాడు: శూన్యత పొసగేవాడికి అన్నీ పొసగుతాయి.

ఆ శూన్యతను పట్టుకుని "ఇదే చివరి పదార్థం" అన్నవారిని 13.8లో అసాధ్యులన్నాడు, అంటే మందులేని రోగులని. అందువల్ల బ్రహ్మం ఉన్న పీఠం మీద శూన్యాన్ని కూర్చోబెట్టి పోల్చితే మొదటి అడుగే తప్పు. శూన్యత ఒక వస్తువు కాదు, వస్తువుల తీరు.

వేదాంత విద్యార్థి | ఆదివారం, రాత్రి 10:00

ఇప్పుడు నేను మీకు ఒక చిత్రం చూపిస్తాను. మాండూక్యోపనిషత్తులో మంత్రాలు 12. ఏడోదానిలో తురీయం, అంటే మెలకువ, కల, గాఢనిద్రలకు అవతలి నాలుగోది, దాని వర్ణన అంతా కాదు, కాదు అనే: లోపలి ప్రజ్ఞ కాదు, బయటి ప్రజ్ఞ కాదు, చూడబడనిది, చెప్పబడనిది. చివర్లో: "ప్రపంచోపశమం శాంతం శివమద్వైతం", ప్రపంచమంతా అణగినది, శాంతం, శుభం, రెండు లేనిది.

నాగార్జునుడి గ్రంథం మొదటి వాక్యం ఎనిమిది నిషేధాలు: నిరోధం లేదు, ఉత్పాదం లేదు, ఉచ్ఛేదం లేదు, శాశ్వతం లేదు... ఆపైన: "ప్రపంచోపశమం శివం". ఆ రెండు మాటలూ అవే!

శంకరుల పరమగురువు గౌడపాదుడు మాండూక్యం మీద కారికలు రాశాడు. నాలుగో ప్రకరణం పేరు అలాతశాంతి. తిప్పుతున్న కొరివి నిప్పు వలయంగా కనబడుతుంది, తిప్పడం ఆపితే వలయం ఎక్కడికీ పోదు, ఎందుకంటే రానేలేదు. ఆ ప్రకరణం నిండా బౌద్ధుల పరిభాషే. ఈ పోలికల వల్లే అద్వైతులను ప్రచ్ఛన్న బౌద్ధులు, అంటే ముసుగు వేసుకున్న బౌద్ధులు, అన్నారు. పద్మపురాణంలో ఒక శ్లోకమే ఉంది: "మాయావాదమసచ్ఛాస్త్రం ప్రచ్ఛన్నం బౌద్ధముచ్యతే".

శేషభావం | ఆదివారం, రాత్రి 10:08

మేము మాత్రం ఏమీ అనలేదు. చిరునవ్వు నవ్వాం, అంతే.

వేదాంత విద్యార్థి | ఆదివారం, రాత్రి 10:30

నవ్వండి. కానీ అదే ప్రకరణం చివర్లో, 4.99లో, గౌడపాదుడు "నైతద్ బుద్ధేన భాషితం" అంటాడు. ఇది బుద్ధుడు చెప్పినది కాదని. అప్పు తీసుకున్నవాడు తేడాను కూడా రాసిపెట్టాడు.

ఆ తేడా అధిష్ఠానం, అంటే భ్రమకు కింద ఉండే ఆధారం. తాడును చూసి పామనుకున్నాం. పాము లేదు, సరే. తాడు ఉండాలి కదా? శంకరులు బ్రహ్మసూత్రం 2.2.31 భాష్యంలో శూన్యవాదాన్ని అడిగేది ఇదే: అన్ని ప్రమాణాలకూ నిలిచిన ఈ లోకవ్యవహారాన్ని, ఇంకో తత్త్వం చేతికి చిక్కకుండా లేదనడం సాధ్యం కాదు. కాదు, కాదు అనుకుంటూ వెళ్ళి ఎక్కడో ఒక "ఔను" దగ్గర ఆగాలి. మాకు ఆ ఔను బ్రహ్మం.

మౌనపాఠి | ఆదివారం, రాత్రి 10:55

తాడు నారపోగులతో పేనినది. పోగులు వేరేవాటితో. పాము పోవడానికి దీపం కావాలి, నిత్యమైన తాడు అక్కరలేదు.

అసలు మాట ఇప్పుడు బయటపడింది. మీకు ఆగడానికి ఒక చోటు కావాలి. ఆ కావాలనుకోవడాన్నే మేము అనుమానిస్తున్నాం.

తర్కప్రియ | ఆదివారం, రాత్రి 11:20

ఇద్దరి పక్షాన్నీ కాసేపు వదిలి ఒక చిన్న సంగతి చెబుతాను. పైన నేను చెప్పిన శాంతరక్షితుడు ఇన్ని ఆత్మలను చీల్చి చెండాడాడు కదా. అద్వైతుల వంతు వచ్చేసరికి ఆయన గొంతు మెత్తబడుతుంది: "తేషామల్పాపరాధం తు దర్శనం నిత్యతోక్తితః". వీళ్ళ దర్శనంలో తప్పు కొంచెమే, నిత్యం అనడం ఒక్కటే. శత్రువు ఇచ్చిన యోగ్యతాపత్రం!

అటువైపూ లెక్క చెప్పాలి. మహాయాన మహాపరినిర్వాణ సూత్రంలో తథాగతగర్భాన్ని, అంటే ప్రతి జీవిలో ఉండే బుద్ధత్వాన్ని, నిత్యం, సుఖం, ఆత్మ, శుభం అంటారు. ముందు వాకిట్లోంచి గెంటేసిన ఆత్మ పెరటి గుమ్మంలోంచి వచ్చి కూర్చుంది. ఈ అనుమానం వాళ్ళకే వచ్చింది: లంకావతార సూత్రంలో మహామతి "ఇది తీర్థికుల (బౌద్ధేతరుల) ఆత్మవాదంలాగే ఉందే" అని అడుగుతాడు. నైరాత్మ్యమంటే, ఆత్మ లేదంటే, భయపడేవాళ్ళ భయం తీర్చడానికి అలా చెబుతారని జవాబు. రామానుజులు మోక్షం నుంచి పారిపోతాడన్న మనిషి, వీళ్ళు బుజ్జగిస్తున్న మనిషి ఒకడే అనిపించడం లేదూ?

ఒడ్డున కూర్చున్నవాడు | సోమవారం, ఉదయం 6:45

నేను అన్నదే కదా చివరికి తేల్చారు. తప్పు కొంచెమే.

మౌనపాఠి | సోమవారం, ఉదయం 7:00

కొంచెమే. గుమ్మం కూడా ఇంటికి కొంచెమే.

కొత్తనీరు | సోమవారం, ఉదయం 9:30

పెద్ద చర్చలో చిన్న ప్రశ్న అడగవచ్చా? ఈ ఏడాది మా నాన్నగారు పోయారు. వచ్చినవాళ్ళు "ఆత్మకు చావు లేదమ్మా, పాత బట్ట మార్చుకున్నట్టే" అన్నారు. ధ్యానం చేసే స్నేహితురాలు "పోవడానికి ఎవరూ లేరు" అంది. రెండూ నాకు ఒకేలా వినిపించాయి, రెండూ ఆయన గురించి కాదనిపించింది. నిజానికి ఇక్కడ చేరింది అందుకే.

వేదాంత విద్యార్థి | సోమవారం, ఉదయం 10:40

మీ చెవి సరైనదే. బట్ట మార్చుకోవడం గీత 2.22, అర్జునుడు యుద్ధం చేయాలా వద్దా అన్న ఘట్టంలోది. పరామర్శ కోసం పుట్టిన శ్లోకం కాదు.

యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళుతూ మైత్రేయికి "న ప్రేత్య సంజ్ఞాస్తి" అంటాడు, పోయాక సంజ్ఞ, అంటే ఎరుక, ఉండదు అని. ఆమె వెంటనే "ఇక్కడే నన్ను మోహంలో పడేశారు" అంటుంది. అమృతత్వం చెప్పమంటే ఇదా అని. ఆయన వివరణ ఇది: రెండుగా ఉన్నప్పుడే ఒకరు ఇంకొకరిని చూస్తారు, వింటారు. అంతా ఆత్మే అయినచోట ఎవరు ఎవరిని చూస్తారు? ఇది ఓదార్పు కాదు. మైత్రేయి కూడా ఓదార్పుగా తీసుకున్నట్టు అక్కడ లేదు.

మౌనపాఠి | సోమవారం, ఉదయం 11:30

మీ స్నేహితురాలి మాట మా వైపు నుంచి కూడా సరికాదు. ఆరిన మంట తూర్పుకు వెళ్ళిందా, పడమరకు వెళ్ళిందా అని బుద్ధుడు అడిగాడు, నిజమే (మజ్ఝిమ నికాయం 72). కానీ అది కట్టె పూర్తిగా అయిపోయిన ముక్తుడి గురించి. మిగతావారి విషయంలో ఎవరూ లేరన్న మాట చెప్పి ముగించలేదు, కర్మ సాగుతుందన్నాడు. అనాత్మ అనేది నాలో నేను చూసుకోవడానికి ఇచ్చిన అద్దం. ఎదుటివారి దుఃఖం మీద పెట్టి చూసే కొలబద్ద కాదు.

మీ నాన్నగారి గురించి ఎప్పుడైనా రాయాలనిపిస్తే రాయండి. నిర్వాహకులు ఏమీ అనరు.

నిర్వాహకులు | సోమవారం, ఉదయం 11:34

అనం.

సగంచదువు | సోమవారం, రాత్రి 9:05

ఛాందోగ్యం 8వ అధ్యాయం ఇవాళ మళ్ళీ తీశాను. ప్రజాపతి దగ్గరికి ఇంద్రుడూ విరోచనుడూ ఆత్మ గురించి తెలుసుకోవడానికి వెళతారు. 32 ఏళ్ళ తర్వాత నీళ్ళలో కనిపించే నీ రూపమే ఆత్మ అంటే విరోచనుడు తృప్తిగా ఇంటికి పోతాడు. ఇంద్రుడు సగం దారిలో వెనక్కి వస్తాడు. మరో 32 ఏళ్ళు, కలలో తిరిగేవాడే ఆత్మ. మళ్ళీ వెనక్కి. మరో 32, గాఢనిద్రలో ఉన్నవాడే ఆత్మ. మళ్ళీ వెనక్కి వచ్చి అంటాడు: "ఆ స్థితిలో 'ఇది నేను' అని కూడా తెలియదు, నాశనమైపోయినట్టే ఉంది, ఇందులో నాకు మేలేమీ కనిపించడం లేదు." ఇంకో 5 ఏళ్ళు ఉండమంటాడు ప్రజాపతి. మొత్తం 101.

ఇంతకుముందు చదివినప్పుడు చివరి 5 ఏళ్ళ జవాబు కోసం పరుగెత్తాను. ఈసారి ఆ మూడో ఫిర్యాదు దగ్గర ఆగిపోయాను. అది వచ్చగోత్తుడి భయమే, రామానుజుల ఆక్షేపణే, మౌనపాఠి గారు వేదాంత విద్యార్థి గారిని అడిగిన ప్రశ్నే. ఉపనిషత్తు దాన్ని ఇంద్రుడి నోట పలికించి, తప్పు అనకుండా, "నువ్వన్నది నిజమే" అని ప్రజాపతి చేత ఒప్పించింది.

మొదటి టపాలో రెండు వాక్యాలు సవరించాను. "హిందూ మతం ఆత్మ ఉందంటుంది" అన్నది తీసి, "ఏ ఆత్మ అన్నదానిపై హిందూ దర్శనాలకు ఒకదానితో ఒకదానికి పడదు" అని పెట్టాను. "బుద్ధుడు ఆత్మ లేదన్నాడు" అన్నచోట "వచ్చగోత్తుడికి జవాబు చెప్పలేదు" అని రాశాను. పాత వాక్యాలను చెరిపేయకుండా కొట్టివేతతో ఉంచాను, పైనున్న జవాబులన్నీ వాటికే కాబట్టి.

రథాన్ని మాత్రం ముట్టుకోలేదు.

తర్కప్రియ | సోమవారం, రాత్రి 9:20

సవరించినవాడూ మొదట రాసినవాడూ ఒకడేనా?

సగంచదువు | సోమవారం, రాత్రి 9:21

ఖాతా ఒకటే.